మైల లేని కోడలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిన్నవి పట్టుపురుగులు. అందరికంటే తక్కువ తిన్నదాన్ని నేను. మా రెండు జాతుల్నీ ఒకే గదిలో పెట్టింది మా అత్త హనుమక్క.

బెంగళూరు దగ్గరి జంగమకోటెలో ఆ రోజుల్లో పది ఇళ్ళుంటే ఎనిమిదిళ్ళలో పురుగులుండేవి. ఎక్కడో యుద్ధం జరుగుతోంది. విమానాల్లోంచి దూకే సోల్జర్ల గొడుగులకు మన పట్టు కావాలట. అందుకని పురుగులకు మనుషుల కంటే మర్యాద ఎక్కువ. మేమంతా వరండాలో సర్దుకునేవాళ్ళం, పురుగులకు ఇంటి నడిమధ్య చల్లటి పెద్ద గది. దాన్ని కొట్టం అనేవాళ్ళం. గోడల పొడుగునా అంతస్తులుగా వెదురు తట్టలు, తట్టల నిండా కంబళి (మల్బరీ) ఆకు, ఆకు నిండా పురుగులు. స్నానం చేయకుండా ఎవరూ లోపలికి పోకూడదు. తాలింపు పొగ తగలకూడదు. ఇవన్నీ ఒక ఎత్తు, బయట చేరిన ఆడది ఆ మూడు రోజులూ గడప ఛాయలకు కూడా రాకూడదనేది ఒక ఎత్తు. వచ్చిందంటే పురుగులు సున్నపు ముక్కల్లా తెల్లగా బిగుసుకుని చస్తాయని నమ్మకం.

ఇంట్లో ఆడవాళ్ళం ముగ్గురం. అత్త, నా తోడికోడలు అక్కయమ్మ, నేను. వాళ్ళిద్దరూ ఒకేసారి బయట చేరితే మా మామ పిళ్ళప్ప ఒక్కడే ఆకు మోయలేక, వెయ్యలేక, పురుగుల్నీ ఆడజాతినీ కలిపి తిట్టేవాడు. నేను మాత్రం బయట చేరేదాన్ని కాదు. ఉగాది నాటికి ముట్టు ఆగి ఏడు నెలలు.

తిండి ఎందుకు మానావని నా మనవరాలు ఇప్పుడు అడుగుతుంది. దానికి చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. మా పుట్టింటి ఊరు కెంచార్లహళ్ళి నుంచి కాపురానికి వచ్చిన మూడో రోజున, అందరితో కూర్చుని, రెండో రాగిముద్ద వేయించుకున్నాను. మామ చెల్లెలు "మా పిల్లోడు సంపాయించేదంతా ఈయమ్మి ముద్దలకే సరిపోతాది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు ఒక్క ముద్ద తిన్నాను. తర్వాత సగం. పైగా ఆ ఏడు రాగులు సర్కారు లెవీకి కొలిచాక గాదె అడుగు కనిపిస్తోంది, తక్కువ తినే కోడల్ని మెచ్చుకునే కాలం. శనివారం ఒక్కపొద్దు పట్టాను, మెచ్చుకున్నారు. సోమవారం కూడా పట్టాను, ఇంకా మెచ్చుకున్నారు. నా మొగుడు గంగాధరప్ప పెళ్ళయిన రెండో నెలకే బెంగళూరులో విమానాల కార్ఖానాలో పనికి చేరాడు. ఆ ఇంట్లో నాదంటూ మిగిలినవి ఒక ట్రంకుపెట్టె, నా ఆకలి. మొదట్లో తిండిని నేనే మానాను. తర్వాత ఆ మానడం నన్ను పట్టుకుంది. తిందామని చెయ్యి పెట్టినా గొంతు దిగేది కాదు. దిగితే ఏదో తప్పు చేసినట్టు రోజంతా ఏడుపొచ్చేది. ఈ సంగతి ఎవరితో చెప్పను? ఆకలిగా ఉందని చెప్పొచ్చు, అన్నమంటే భయంగా ఉందని చెబితే ఎవరు వింటారు?

నెల తప్పగానే నేను నీళ్ళోసుకున్నానని అత్త వీధంతా చెప్పింది. పుల్లమామిడికాయలు తెచ్చింది. నేను తినకపోతే వేవిళ్ళంది. కళ్ళు తిరిగితే మగబిడ్డంది. కాదని నేనూ అనలేదు. నాకే తెలియదు, పద్దెనిమిదేళ్ళు. అయిదో నెల వచ్చినా పొట్ట వీపుకు అంటుకునే ఉండేసరికి మంత్రసాని పుట్టమ్మను పిలిపించింది. ఆ ముసలమ్మ నా కడుపు మీద చెయ్యి పెట్టి, నొక్కి, చెయ్యి తీసేసింది.

"కడుపులో బిడ్డా లేదు హనుమక్కా, కూడూ లేదు."

"అట్లయితే నెలెందుకు రాదే?"

"చెట్టుకు నీళ్ళు లేకపోతే పూత వస్తాదా తల్లీ?"

అత్త ఆమెకు తాంబూలం ఇచ్చి పంపించేసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు శనివారం. దేవుడి పటానికి దండం పెట్టుకుని, అందరూ సంగటి ముందు కూర్చున్న వేళ చెప్పింది.

"ఈ పిల్లకు మైల లేదు. గడిదం గుళ్ళో వెంకటరమణస్వామే మన పురుగుల కోసం పంపించినాడు. ఇంక కొట్టం పని ఈమెదే."

అక్కయమ్మ కిసుక్కున నవ్వింది. "మైల లేదు, కూడు లేదు. ఇంగ రెక్కలొస్తే సరి, ఎగిరిపోతాది."

"ఊరుకోమ్మా," అన్నాడు మామ. "పంట ఎట్లొస్తాదో చూస్తాం."

పంట బ్రహ్మాండంగా వచ్చింది. పట్టుగూళ్ళు ఒక్కొక్కటి పావురం గుడ్డంత, గట్టిగా వచ్చాయి. నిజం చెప్పాలంటే అది నా మహిమ కాదు. వేళ తప్పకుండా ఆకు వేసే మనిషి ఒక్కరే ఉంటే ఎవరి పంటైనా అట్లాగే వస్తుంది. కానీ ఊళ్ళో అట్లా అనుకోలేదు. పక్కిళ్ళవాళ్ళు పట్టుపురుగుల గుడ్లున్న కాగితాలు తెచ్చి నా చేత ముట్టించుకుని పోయేవాళ్ళు. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దది, ఒకామె నా కాళ్ళకు దండం పెట్టబోయింది. నాకు నచ్చింది. అబద్ధమెందుకు, చాలా నచ్చింది. రెండు ముద్దలు తిన్నానని నవ్విన ఇంట్లో, ఒక్క ముద్దా తినకుండా దేవుడి మనిషినయ్యాను.

చైత్రంలో, కాకులు నోరు తెరుచుకుని కూర్చునే ఎండలో, నాకు చలి. గొంగడి కప్పుకుని ఆకు తరిగేదాన్ని. తలదువ్వితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. పారేయడమెందుకని అక్కయమ్మ దాంతో తనకు సవరం అల్లుకుంది. గోళ్ళు నేరేడుపండు తిన్నట్టు నీలంగా ఉండేవి. కింద కూర్చుంటే ఎముకలు నేలకు గుచ్చుకునేవి. పొద్దు వాలేసరికి పాదాలు ఉబ్బేవి, వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయేది. లేచి నిలబడితే కాసేపు లోకం నల్లగా ఉండేది. గోడ పట్టుకుని, అది తెల్లబడేదాకా ఆగి, అప్పుడు నడిచేదాన్ని. గుండె కొట్టుకుని, మరిచిపోయి, మళ్ళీ గుర్తు తెచ్చుకుని కొట్టుకునేది. వీటన్నిటికీ అలవాటు పడ్డాను. చేతుల మీద, వీపు మీద పసిబిడ్డకున్నట్టు మెత్తటి నూగు మొలిచినప్పుడు మాత్రం భయపడ్డాను. బావి దగ్గర అక్కయమ్మ చూసింది.

"ఇదేమే ఇది! పురుగుల్తో ఉండి ఉండి నువ్వు గూడా గూడు కట్టుకుంటాండావా?"

"చలికి వచ్చింది లేక్కా."

"చైత్రంలో చలా?" అని నవ్వబోయి, ఎందుకో నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని కాసేపు చూసింది. "అత్తకు చెప్పేదా?"

"చెప్పొద్దు. నీకు పుణ్యముంటాది."

ఆమె చెప్పలేదు. ఆ రోజు నుంచి నాతో వేళాకోళమాడడం కూడా మానేసింది. ఆ ఇంట్లో నాతో నవ్వుతూ మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమె నోరు కూడా మూయించి, కొట్టం తలుపు దగ్గరికి వేసుకున్నాను.

తినే వేళ అయ్యేసరికి నాకు కొట్టంలో ఏదో ఒక పని ఉండేది. గోడకవతల అందరూ కూర్చుని తింటున్న చప్పుడు వినిపించేది. కంచాల చప్పుడు, మామ తేన్పు, అక్కయమ్మ పిల్లల పోట్లాట. ఇవతల పురుగుల చప్పుడు. ఆకు కొరుకుతుంటే పెంకుటింటి మీద చిన్న వాన పడుతున్నట్టుంటుంది. రెండు చప్పుళ్ళ మధ్య, నోట్లో ఏమీ లేకుండా, నేను. వాళ్ళలో ఎవరైనా లేచి వచ్చి "నువ్వూ రా, కూర్చో" అంటారేమోనని చెవి ఒగ్గి ఉండేదాన్ని. అంటే పోనని కూడా నాకు తెలుసు. అయినా అనాలని ఉండేది. మనిషి బుద్ధి అంత వంకర.

గంగాధరప్ప నెలకొక ఆదివారం వచ్చేవాడు. ఆ నెల ఒక బిస్కత్తుల పొట్లం తెచ్చాడు. మధ్యాహ్నం వరండా చివర ఎవరూ లేనప్పుడు నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు చుట్టూ తిరిగి ఒకదానిమీదొకటి ఎక్కాయి.

"ఇంత సన్నం అయిపోతివే."

"పురుగుల పని జాస్తిగా ఉండాది."

"చెయ్యి ఐసు మాదిరి ఉండాది." నా అరచెయ్యి తిప్పి చూశాడు. "అమ్మ చెప్పింది, నీవల్లే పంట బాగా వస్తాందంట. ఊళ్ళో అంతా నీ మాటే అంట."

ఆ మాట అంటున్నప్పుడు మొహంలో ఎంత గొప్పగా ఉందో! వెంటనే నా చెయ్యి మెల్లగా వదిలేశాడు. దేవుడి మనిషిని ముట్టుకోవచ్చో లేదో ఆయనకు తెలియలేదు, నేనూ చెప్పలేదు. సాయంత్రం బస్సుకు పోయాడు. ఆ బిస్కత్తులు ట్రంకుపెట్టెలో దాచాను. పదిరోజులకు తీసి చూస్తే చీమలు తినేశాయి. చీమల్ని చూసి ఏడ్చాను.

పురుగుల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు తిండి మానేసి, తలెత్తి, కదలకుండా కూర్చుంటుంది. దాన్ని మేము జ్వరం అంటాము. జ్వరానికి కూర్చున్న పురుగును ఎవరూ కదిలించరు. లేచిన రోజు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. పాపం ఆకలి మీద ఉన్నాయి కదా అని ఆకు గుప్పిస్తే కడుపు ఉబ్బి చస్తాయి. లేత ఆకు, పలచగా, కొంచెం కొంచెం వెయ్యాలి. నాలుగోది పెద్ద జ్వరం. అది లేచాక ఏడెనిమిది రోజులు అవి తినే తిండికి ఇల్లంతా పరిగెత్తాల్సిందే. పంట నిలిచేదీ పోయేదీ ఆ వారంలోనే.

వైశాఖంలో పురుగులు పెద్ద జ్వరం లేచిన రోజు, పై అంతస్తు తట్ట దించబోయాను. చేతులెత్తాను. లోకం నల్లబడింది. ఈసారి తెల్లబడలేదు.

కళ్ళు తెరిచేసరికి వెల్లకిలా ఉన్నాను. తట్ట నా మీద బోర్లా పడి పక్కకు దొర్లింది. మెడ మీద, జాకెట్టు మీద, జుట్టులో పురుగులు చల్లగా పాకుతున్నాయి. కదలడానికి ఒంట్లో ఏమీ లేదు. అత్త పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో, అయ్యో, పురుగులు!"

మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. నేల మీదివి ఏరింది. నా జుట్టులోవి ఏరింది. ఒక్కటి కూడా నలగకుండా, పువ్వులు ఏరినట్టు ఏరింది. నేను చూస్తూనే ఉన్నాను. చివరికి నా గుండె మీద పాకుతున్న ఒకదాన్ని తీయడానికి అరచెయ్యి ఆనించింది. పురుగును తీసింది. చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది. నా గుండె కొట్టుకుని, మరిచిపోయింది. ఆమె ఎదురుచూసింది. మళ్ళీ కొట్టుకుంది. అప్పుడు చెయ్యి జరిపి నా పక్కటెముకలు ఒక్కొక్కటే తడిమింది.

మర్నాడు పొద్దున్నే నన్ను బస్సెక్కించి చింతామణి ఆసుపత్రికి తీసుకుపోయింది. పెద్ద జ్వరం లేచిన పురుగుల్ని వదిలి ఆమె ఊరు దాటడం అదే మొదలు. పెట్రోలు దొరకని రోజులు, బొగ్గు మీద నడిచే బస్సు. మిట్ట వచ్చినప్పుడల్లా ఆగిపోయేది, మగవాళ్ళంతా దిగి తోసేవాళ్ళు. మలుపు వచ్చినప్పుడు అత్త నా తల కిటికీకి కొట్టుకోకుండా మధ్యలో చెయ్యి పెట్టేది, మలుపు దాటగానే తీసేసేది.

అక్కడి డాక్టరమ్మ కన్నడంవాళ్ళ మనిషి. నా కనురెప్పలు లాగి చూసింది. గోళ్ళు చూసింది. పాదాలు నొక్కింది. చేతుల మీది నూగును వేలితో దువ్వింది. చాలాసేపు నాడి పట్టుకుని, గడియారం చూసుకుంది.

"ఊట సరియాగి మాడ్తీయేనమ్మా?" అని అడిగింది.

సరిగ్గానే తింటున్నానని చెప్పాను. ఆమె నమ్మలేదు, కోప్పడనూ లేదు. అత్త వైపు తిరిగి, ముట్టు ఆగి ఎన్నాళ్ళయిందని అడిగింది.

"ఎనిమిది నెలలు," అంది అత్త. ఆ గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది. "దేవుడి దయ తల్లీ."

డాక్టరమ్మ తెలుగులోకి దిగింది. "దేవుడికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఒంట్లోకి కూడు పోకపోతే ఒళ్ళు ఒక్కొక్క వాకిలీ మూసుకుంటా వస్తాది. ముట్టు వాకిలి మూసేసింది. వెచ్చన పోయింది. ఇప్పుడు గుండె దగ్గరికి వచ్చి నిలబడి ఉండాది. ఈ పిల్ల గుండె ముసలమ్మ గుండె మాదిరి కొట్టుకుంటాంది."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంటికి పోయి పండగ చేయొద్దు," అంది డాక్టరమ్మ. "ఇన్నాళ్ళు ఎండిపోయిన ఒంట్లోకి ఒకేసారి పెడితే గుండె ఆగిపోతాది. పలచగా పెట్టండి, కొంచెం కొంచెం పెంచండి. వారానికొకసారి నాకు చూపించండి."

"జ్వరం లేచిన పురుగుకు మాదిరి," అంది అత్త.

"ఏ పురుగు?"

"ఏమీ లేదమ్మా."

ఇంటికొచ్చేసరికి పొద్దు తిరిగింది. కొట్టంలో పురుగులు మామా అక్కయమ్మా వేసిన ఆకు చాలక తలలెత్తి వెతుక్కుంటున్నాయి. నేను కాళ్ళు కడుక్కుని లోపలికి పోబోతే అత్త గడపకు అడ్డం నిలబడింది.

"ఇంక ఇందులోకి రావద్దు."

"ఎందుకత్తా? నేను మైల్లేకుండానే ఉండాను కదా."

"అందుకే వద్దు."

కడుపు మండిపోయింది. ఆ ఇంట్లో నేను కాలు పెడితే మంచి జరుగుతుందని నమ్మిన చోటు అదొక్కటే. దాన్ని తీసేసుకుంటే వరండాలో ఒక మూల కూర్చున్న ఎముకల గూడును నేను, ఇంకేం కాను. "నన్ను మా ఊరికి పంపించేయండి" అన్నాను. "నడవగలిగితే పో" అంది. అత్త తీరే అంత.

మర్నాడు పొద్దున ఒక చిన్న చెంబుతో రాగి అంబలి, మజ్జిగ కలిపి పలచగా చేసి, నా ముందు పెట్టింది. తలమీద ఆకు గంప ఉంది. గంప దించలేదు.

"తాగు."

"తర్వాత తాగుతా."

"నువ్వు తాగేదాకా వాటికీ లేదు. పురుగులకు దినానికి అయిదు మేతలు. ఇంక నీకూ అయిదు. ముందు నీకు, వెనక వాటికి."

బెదిరింపు అనుకున్నాను. నేనూ మొండిదాన్నే. చెంబు ముట్టలేదు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని అట్లాగే నిలబడింది. ఎండ వరండా సగానికి వచ్చింది. అక్కయమ్మ వచ్చి చూసి పోయింది. కొట్టంలో వాన చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. అట్లాంటి నిశ్శబ్దం నేను ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. పాత ఆకు ఈనెలతో సహా అయిపోయింది. మామ తోటలోంచి వచ్చి, గంపను, నన్ను, కొట్టాన్ని చూశాడు.

"ఏమే, పిచ్చి పట్టిందా? పంట పోతాదే!"

"పోనీ," అంది అత్త.

ముప్పై ఏళ్ళు పురుగులతో బతికిన మనిషి నోట ఆ మాట విని మామ తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. నేను కొట్టం వైపు చూశాను. గుడ్డు పగిలి వెంట్రుకంత ఉన్నప్పటి నుంచి నా చేత్తో పెంచినవి. తలలెత్తి, అటూ ఇటూ ఊపుతూ ఆకు కోసం వెతుకుతుంటాయని చూడకుండానే తెలుసు. నా మీద నాకు రాని జాలి వాటి మీద వచ్చింది. చెంబెత్తి తాగాను. అంబలి గొంతులో దిగుతుంటే ఇసుక మింగినట్టుంది. సగంలో వాంతి వస్తుందనుకున్నాను. ఆమె గంప సర్దుకుంటూ ఎదురుచూసింది. అడుగు దాకా తాగి, చెంబు నేలకేసి కొట్టాను.

"మీ పురుగుల్ని మేపుకోండి, పోండి!"

ఆమె చెంబు తీసుకుని, సొట్ట చూసి, లోపలికి పోయింది. కాసేపటికి వాన చప్పుడు మొదలైంది.

ఆ వారమంతా అట్లాగే జరిగింది. నేను ఎంతసేపు మొండికేస్తే పురుగులకు అంతసేపు ఆలస్యం. గూళ్ళు వేలితో నొక్కితే లోపలికి పోయేంత పలచగా వచ్చాయి. అట్లాంటి పంట ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదట. ఊళ్ళోవాళ్ళు దేవుడు అలిగాడన్నారు. గుడ్ల కాగితాలు నా దగ్గరికి తేవడం మానేశారు. పంట గురించి అత్త నా ఎదుట ఒక్క మాట అనలేదు.

తేలిగ్గా నయమైందని చెప్పను. పాదాలు తగ్గడానికి బదులు మొదట ఇంకా ఉబ్బాయి. చింతామణికి ఎన్నిసార్లు పోయామో. అంబలి సంగటి కావడానికి ఆషాఢం దాటింది. అత్త అటు తిరగగానే గుటక పశువుల కుడితిలో ఉమ్మేసిన రోజులున్నాయి, ఉమ్మేసి నాకు నేనే అసహ్యపడిన రోజులున్నాయి. ఆ ఏడాది నా ఒంట్లోంచి పట్టుకుపోయినవాటిలో కొన్ని మళ్ళీ తిరిగి ఇవ్వలేదు. నలభై దాటకముందే పళ్ళు కదిలాయి. మొన్నటేడు ఊరికే పీట మీద కూర్చోబోయి తుంటి విరిగింది. ఒక్కగానొక్క కొడుకు పుట్టడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఇప్పటికీ పదిమందిలో కంచం ముందు కూర్చుంటే, రెండో ముద్ద వేయించుకునే ముందు అందరి మొహాలూ ఒకసారి చూస్తాను.

శ్రావణంలో అత్త నన్ను మళ్ళీ కొట్టంలోకి రానిచ్చింది. మునుపటిలా రోజంతా కాదు, అక్కయమ్మతో వంతుగా. జుట్టు మళ్ళీ పిచ్చుక తోకంత మొలిచింది. చలి తగ్గింది. మార్గశిరంలో అందరూ గొంగళ్ళు కప్పుకున్నప్పుడు నేనూ కప్పుకున్నాను, అందరిలాగే.

ఆ మార్గశిరంలోనే ఒక పొద్దున గంపతో కొట్టం గడప దాటబోతూ ఆగిపోయాను. కడుపులో పిండినట్టయింది. తొడ మీద వెచ్చగా ఏదో జారింది. ఏమిటో తెలియడానికి కాసేపు పట్టింది, అంతగా మరిచిపోయాను. ఒక అడుగు ముందుకు వేస్తే ఎవరికీ తెలియదు. ముదురురంగు చీరే కట్టుకున్నాను. మైల లేని కోడలుగానే ఉండిపోవచ్చు. ఊళ్ళో ఇంకా ఇద్దరు ముగ్గురు అట్లా నమ్మేవాళ్ళున్నారు.

గంప గడపకివతలే దించి వెనక్కి వచ్చాను.

"అత్తా, నేను బయట."

లోపల ఆకు సర్దుతున్న అత్త తలెత్తింది. నన్ను చూసింది, నా పాదాలు చూసింది. ఇంటి వెనక ఆడవాళ్ళు ఆ మూడు రోజులూ ఉండే పాక వైపు చెయ్యి చూపించింది. అక్కయమ్మ మాత్రం పెరట్లోంచి అరిచింది.

"పోయినాడా మీ దేవుడు? రావే తల్లీ, ఇన్నాళ్ళూ అత్తతో కూర్చుంటిని ఆ పాకలో!"

నవ్వొచ్చింది. ఆమె నాతో వేళాకోళమాడి ఎన్నాళ్ళయిందో.

పాకలో చాప వేసుకుని గోడకానుకున్నాను. ఎండ వాకిట్లోకి వచ్చింది. మధ్యాహ్నం అత్త కంచంలో రాగిముద్ద, అనపగింజల చారు తెచ్చింది. బయట చేరినదాన్ని ముట్టుకోకూడదు కదా, కంచం నేల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి పోయింది. పెట్టి పోవడం ఆచారం. ఆమె పోలేదు. ఇంట్లోకెళ్ళి తన కంచం కూడా తెచ్చుకుని, ఆ నాలుగడుగుల దూరంలో రోలు పక్కన కూర్చుంది. అత్త నా ఎదురుగా కూర్చుని తినడం అంతవరకూ నేనెరుగను.

"నాకు తెలుసు," అంది.

నేను కంచం దగ్గరికి జరుపుకున్నాను.

"పుట్టమ్మ చెప్పిన దినమే తెలుసు. కూడు లేదని ఆయమ్మ చెప్తానే ఉండె. నువ్వు తినేది లేదని నాకు కనిపిస్తానే ఉండె. గూళ్ళు బాగా వస్తాండాయని ఊరుకుంటిని." చారు గిన్నె అటు జరిపి, ఇటు జరిపింది. "ఆ దినం నువ్వు పడిపోతే, నేను ముందు పురుగుల్ని ఏరితిని."

"చూస్తాంటిని," అన్నాను.

ఆమె తల దించుకుంది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ కంచం ఎత్తి ఆమె మొహాన కొట్టాలనిపించింది. అట్లాగే ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడవాలనీ అనిపించింది. మూడు రోజుల దాకా రెండూ కుదరవు. మధ్యలో నాలుగడుగుల నేల, దాని మీద ఎండ.

అత్త కళ్ళు తుడుచుకుని ముద్ద విరిచింది. విరిచి, చారులో ముంచి, నోటి దాకా తెచ్చి ఆపేసింది. నా వైపే చూస్తోంది. లోపల అక్కయమ్మ ఆకు వేసినట్టుంది, వాన చప్పుడు మొదలైంది. చారు ఆమె వేళ్ళ మీదుగా మోచేతి దాకా కారుతోంది, అయినా నోట్లో పెట్టుకోలేదు. నేను తినేదాకా ఆమె తినదు.

నేను ముద్ద విరిచాను. తిన్నాను. అప్పుడు ఆమె తింది.